ముసురులో స్పోర్ట్స్ కారు

స్పోర్ట్స్ కారును చలికాలమంతా షెడ్డులో పెట్టి తాళం వేయడం మంచు కురిసే దేశాల అలవాటు. మిషిగన్‌లో నవంబరు దాటాక రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం అడుగునే ఉప్పు గని ఉంది. ఆ ఉప్పునీళ్ళు కారు అడుగుభాగాన్ని తినేస్తాయి కాబట్టి ట్రాయ్, నోవై లాంటి ఊళ్ళలో ముచ్చటపడి మస్టాంగ్ కొనుక్కున్న తెలుగువాళ్ళు కూడా దాన్ని ఏప్రిల్ దాకా బయటికి తీయరు. నెల్లూరు దగ్గరి గూడూరులో ఆ బెడద లేదు. ఇక్కడ చలి తెల్లవారుజామున దుప్పటి లాక్కునేంత మాత్రమే. కారును కాపాడుకోవాల్సింది చెమ్మ నుంచి.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు మూడో వారానికి అటూ ఇటూగా మొదలై డిసెంబరు ఆఖరు దాకా ఉంటాయి. నెల్లూరు, తిరుపతి జిల్లాల తూర్పు మండలాలకు ఏడాది వానలో పెద్ద వాటా ఈ రోజుల్లోనే పడుతుంది. కనుక ఇక్కడ కారు భద్రతకు లెక్క దసరా నుంచి సంక్రాంతి దాకా. ఆయుధ పూజకు ఎలాగూ బండి కడుగుతారు. మిగతా పనులూ ఆ వారంలోనే చేయించడం సులువు. నిమ్మకు పేరున్న ఊరు గనుక చక్రాల కింద కాయలకు కరువుండదు. ఆ రసం అల్లాయ్ చక్రాలకు, పసుపు కుంకుమ నీళ్ళు బానెట్ రంగుకు పడవు. పూజ ముగిశాక, చీకటి పడేలోపే కడిగేయాలి.

వానకు ముందు జనం చేసే మొదటి పని మాత్రం తప్పు పని. ఈ వారం వాయుగుండం కబురు రాగానే ఊళ్ళో ఒక ఇంటి పోర్టికోలో ఎర్రటి రెండు సీట్ల కారు మీద నీలం పట్ట కప్పి, గాలి దూరకుండా తాళ్ళతో బిగించేశారు. ఆ పట్టను వడ్ల బస్తాల మీద కప్పినందుకు ఎంత తిట్టినా, కారు మీద కప్పితే ఇంకాస్త ఎక్కువ తిట్టాలి. పగలు నేలలోని తడి ఆవిరై పైకి లేస్తుంది. రాత్రి పట్ట చల్లబడితే ఆ ఆవిరి దాని లోపలి వైపు నీటిబొట్లుగా పేరుకుంటుంది. మూడు రోజుల ముసురు తర్వాత పట్ట ఎత్తి చూస్తే లోపలి వైపంతా చెమటపట్టినట్టు ఉంటుంది, డిస్కుల మీద నారింజరంగు తుప్పు పొర, స్టీరింగు తోలు మీద తెల్లటి బూజు. పట్ట అంచు గాలికి ఊగి రాసుకున్నచోట రంగు మీద సన్నటి గీతలు అదనం. పైన కప్పాల్సింది గాలి ఆడే గుడ్డ కవరే, అదీ కప్పు కింద నిలిపిన కారుకే.

అయినా ఒక మాట ఒప్పుకోక తప్పదు. ఆ నీలం పట్టకే కారు దగ్గర సరైన చోటు ఒకటుంది: నేల మీద, కారు కింద. సిమెంటు నేల చూడటానికి పొడిగా ఉన్నా అడుగు నుంచి తడి పీలుస్తూనే ఉంటుంది. పట్ట పరిచి దాని మీద కారు నిలిపితే పైకి లేచే చెమ్మలో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది.

శరీరం ఫైబర్‌గ్లాస్ అయితే తుప్పు భయం లేదనుకోవడం సగమే నిజం. మన దేశంలో తయారైన సిపానీ డాల్ఫిన్, శాన్ స్టార్మ్ ఆ రకం కార్లే. వాటి ఛాసిస్, బ్రేకులు, నట్లు బోల్టులు ఇనుమువే. కోట, వాకాడు వైపు వెళ్ళేకొద్దీ సముద్రపు గాలిలో ఉప్పు కూడా కలుస్తుంది. ఆ మండలాల్లో మిషిగన్ జాగ్రత్తలు కొంతవరకు పనికొస్తాయి.

తర్వాత బ్యాటరీ. కారు ఆపి తాళం తీసుకున్నా అలారం, గడియారం, కంప్యూటర్లు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లు పోతున్నాయనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెలకు 36. చిన్న కార్ల బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 45 దరిదాపుల్లో ఉంటుంది. నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.4కు దిగితే ఛార్జి ఎక్కించాలి. ఖాళీగా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్ళీ పూర్తిగా ఎక్కదు. ఇంట్లో ప్లగ్ పాయింటు ఉంటే తనంతట తానే ఆగి మళ్ళీ మొదలయ్యే చిన్న ఛార్జరు తగిలించి ఉంచడం మేలు. లేకపోతే మైనస్ వైరు విప్పాలి.

పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ మితిమీరితే నీళ్ళు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. అందుకే ట్యాంకు సగం ఖాళీగా ఉంచకూడదు. నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ. బ్రేకు ఆయిలుదీ ఇదే గుణం: డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తడి పట్టాక ఆ హామీ 155కు పడిపోతుంది. రెండేళ్ళు దాటినదైతే దసరాకే మార్పించాలి. రేడియేటర్‌లో గడ్డకట్టే భయం లేదు కదా అని కుళాయి నీళ్ళు పోయకూడదు; కూలెంట్ తుప్పును కూడా ఆపుతుంది.

హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేస్తే తడికి పట్టేస్తుంది. గేర్‌లో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా చెక్కదిమ్మలు పెడితే చాలు. టైర్లలో గాలి మామూలు కంటే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ ఉంచాలి. పొలాలు తడిసిన రోజుల్లో ఎలుకలు, పందికొక్కులు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్ళలోకి వస్తాయి. బానెట్ కింద చోటు వాటికి బాగా నచ్చుతుంది. వైరింగ్ మొత్తం మార్చాల్సి వస్తే ఖర్చు వేలతో పోదు. సైలెన్సర్ మూతికి, గాలి లోపలికి పోయే దారికి ఇనుప జాలీ బిగించాలి. షెడ్డులో దాణా, వేరుశనగ బస్తాలు ఉంచకూడదు.

ఇక వరద. 2021 నవంబరు వరదలకు నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు కట్టే కొట్టుకుపోయింది. నేలకు జానెడు ఎత్తు కూడా లేని కారుకు మోకాలి లోతు నీళ్ళు చాలు. అపార్టుమెంటు సెల్లార్ ఏ మాత్రం సురక్షితం కాదు. 2015లోనూ 2023లోనూ చెన్నై అది చూసింది. నీళ్ళలో నానిన కారుకు సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్లోకి పోయిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆ నష్టానికి మామూలు బీమా సాధారణంగా వర్తించదు. ఇంజిన్ రక్షణ అదనపు పాలసీ వానకు ముందే తీసుకోవాలి.

ఇంతా చేసి మూడు నెలలు తాళం వేయడమే సరైన పద్ధతా? షోళవరం వైపు చూస్తే కాదనిపిస్తుంది. గూడూరు నుంచి చెన్నై పోయే దారిలోనే, రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే మీద, మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల తరబడి కార్ల పందేలు నడిపింది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో వేగానికి చిరునామా అదే. రన్‌వేలు టీ ఆకారంలో ఉండేవి. చివర్లలో మలుపు తిరగడానికి బ్రేకు గట్టిగా తొక్కాల్సిందే. అక్కడి పెద్ద పందేలు వానలు వెనకబడ్డాక, ఫిబ్రవరి ప్రాంతంలో జరిగేవి. పందెం కారుకు అంతకు ముందరి నెలలు పడకేసే కాలం కావు. ఇంజిన్ విప్పడం, వాల్వులు చూడటం, బ్రేకులు మార్చడం, మళ్ళీ నడిపి చూడటం అప్పుడే. పని జరిగే కారుకు తుప్పు పట్టే తీరిక ఉండదు.

చెమ్మ ఊళ్ళో కారుకు నిల్వ కన్నా నడకే మందు. అదీ పోర్టికోలో పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేయడం కాదు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కకుండా ఆపితే అందులో కొంత సైలెన్సర్‌లోనూ ఇంజిన్ ఆయిల్లోనూ మిగిలిపోతుంది. వారానికోసారి, వాన తెరిపి ఇచ్చిన పూట, జాతీయ రహదారి మీద మనుబోలు వైపు వెళ్ళి రావాలి. అరగంటకు తగ్గకూడదు. ఆయిలు వేడెక్కుతుంది, బ్రేకుల తుప్పు అరిగిపోతుంది, టైర్లు ఒకేచోట నొక్కుకుపోవు. ఇంటికొచ్చాక అడుగుభాగం మంచినీళ్ళతో కడిగితే సరి. పైన చెప్పిన పూర్తి నిల్వ ఏర్పాట్లు కొడుకు విదేశంలో ఉండి, ఇంట్లో నడిపేవాళ్ళు లేని కార్లకు మాత్రమే.

అలాంటి కారును సంక్రాంతికి బయటికి తీసేటప్పుడు ముందుగా జాలీలు తీయాలి, బానెట్ ఎత్తి ఎలుకల గూళ్ళు చూడాలి, టైర్లలో గాలి మామూలుకు దించాలి, బ్యాటరీ వోల్టులు కొలవాలి. స్టార్ట్ అయ్యాక రేస్ ఇవ్వకుండా వదలాలి. మొదటి కిలోమీటరు ముప్పై దాటకుండా, బ్రేకు మెల్లగా తొక్కుతూ గరగర పోయేదాకా నడపాలి. తిరిగొచ్చి నాలుగు చక్రాల దగ్గరా, తాకకుండా, చెయ్యి ఉంచి చూడాలి. ఒకటి మిగతా వాటికన్నా ఎక్కువ వేడిగా ఉంటే ఆ బ్రేకు పట్టేసినట్టే; మెకానిక్ విప్పి చూసేదాకా మళ్ళీ రోడ్డెక్కించకూడదు.