కట్టెతోనే గ్యాస్ మంట

కార్తీక వనభోజనాలకో, మేడారం జాతరకో బయల్దేరేటప్పుడు గోదావరిఖని ఇళ్లలో వచ్చే మాటే ఇది: చిన్న సిలిండర్ పట్టుకుపోదామా, అక్కడే మూడు రాళ్లు పెట్టి కట్టెలు ముట్టిద్దామా? ఈ రెండింటి గుణాలనూ కలిపిన పరికరం ఒకటుంది. అదే కట్టె గ్యాస్ పొయ్యి.

చూడ్డానికి ఒకదానిలో ఒకటి దించిన రెండు రేకు డబ్బాలు, అంతే. లోపలి డబ్బా అడుగున సన్నని రంధ్రాలు, పై అంచుకు కాస్త కిందుగా చుట్టూ మరో వరస. నేర్పంతా ఈ రెండు వరసల్లోనే ఉంది. ఎండు కట్టె ముక్కలు నింపి పైనుంచి ముట్టిస్తారు. అడుగు నుంచి అందే కొద్దిపాటి గాలికి కట్టె పూర్తిగా మండదు. వేడికి గ్యాస్ వదులుతుంది. రెండు గోడల సందులో వేడెక్కుతూ పైకి లేచిన గాలి పై రంధ్రాల్లోంచి దూరి ఆ గ్యాస్‌ను మండిస్తుంది. రంధ్రానికో మంట లోపలికి వంగి, అచ్చం బర్నర్ మీద లేచినట్టే వలయం కడుతుంది. పొగగా పోవాల్సింది వంటకు పనికొస్తుంది. చివర్న అడుగున బొగ్గు మిగులుతుంది. పైనుంచి ముట్టించే ఈ పద్ధతిని అమెరికన్ శాస్త్రవేత్త థామస్ రీడ్ 1985లో ఊహించారు.

ఘన ఇంధనం నుంచి గ్యాస్ తీయడం గోదావరిఖని ఉన్న రామగుండం ప్రాంతానికి తెలిసిన విద్యే. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడ్డ ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం బొగ్గును గ్యాస్‌గా మార్చి, దాంతోనే ఎరువు తయారుచేసింది. దాని స్థానంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీఎల్ సహజవాయువుతో నడుస్తోంది. అంత పెద్ద యంత్రాలు చేసిన పనికి దగ్గరి పనిని, కదిలే భాగం ఒక్కటీ లేని ఈ డబ్బా చేసి చూపుతుంది.

అయినా ఎల్పీజీ గొప్ప ఎల్పీజీదే. భారత ప్రమాణాల ప్రకారం గ్యాస్ స్టవ్ కనీసం 68 శాతం వేడిని గిన్నెకు అందించాలి; ఫ్యాన్ లేని కట్టె పొయ్యికి 25 శాతం, ఫ్యాన్ ఉన్నదానికి 35 శాతం చాలు. మంట తగ్గించాలంటే గ్యాస్‌కు నాబ్ తిప్పితే సరి. కట్టె గ్యాస్ పొయ్యిలో ఆ సులువు లేదు. నడుమ కట్టె వేస్తే పొగ లేస్తుంది.

కాబట్టి పదిమందికి ఒక్కపూట వంటైతే సిలిండరే మేలు. ఇద్దరు ముగ్గురు నాలుగు రోజులు తిరిగేటట్టయితే, సిలిండర్ మోయక్కర్లేదు కాబట్టి కట్టె గ్యాస్ పొయ్యి తీసుకోండి. ఏది తీసుకున్నా గుడారం లోపల మాత్రం వెలిగించకండి. గాలి ఆడని చోట కార్బన్ మోనాక్సైడ్ ఏం చేస్తుందో బొగ్గుబాయి పని తెలిసిన కుటుంబాలకు వేరే చెప్పనక్కర్లేదు. లేచేముందు మిగిలిన నిప్పుల మీద నీళ్లు పోసి, పూర్తిగా చల్లారాకే అడవి దాటండి.