ఇప్పచెట్టు ఏ లెక్కలోకి వస్తుంది?

మార్క్స్ అర్థశాస్త్రం మీద వచ్చిన విమర్శల్లో ఎక్కువ భాగం ధరల లెక్క గురించే. 'పెట్టుబడి' మొదటి సంపుటం 1867లో, మూడోది 1894లో వచ్చాయి. మొదటిదాంట్లోని విలువకూ మూడోదాంట్లోని ధరలకూ పొంతన లేదని ఆస్ట్రియా ఆర్థికవేత్త బోమ్-బావెర్క్ 1896లోనే వాదించాడు. ఆ తగువు ఇంకా తెగలేదు. ఆదివాసులమైన మా తగువు వేరు. ఎవరి శ్రమా లేకుండా పెరిగిన చెట్టు పోతే, ఆ నష్టాన్ని ఈ సిద్ధాంతం ఎక్కడ రాసుకుంటుంది?

సరుకు విలువ అంటే దాని తయారీకి సమాజంలో అవసరమయ్యే శ్రమకాలం అన్నాడు మార్క్స్. కూలివాడి శ్రమలో కొంత యజమానికి లాభంగా ఎలా పోతుందో ఈ సూత్రం చూపిస్తుంది. గనుల్లో, తోటల్లో, రోడ్డు పనుల్లో మావాళ్లు చేసే కూలికి అది సరిపోతుంది. దాన్ని మేము కాదనం.

అయితే అదే పుస్తకం మొదటి అధ్యాయంలో గాలికీ, ఎవరూ దున్నని నేలకూ, దానంతటది పెరిగిన గడ్డికీ ఉపయోగం ఉంది గానీ విలువ లేదన్నాడు. ఈ లెక్కన సంతకు తెచ్చిన ఇప్పపువ్వు విలువంతా ఏరి, ఎండబెట్టి, మోసుకొచ్చిన శ్రమదే. చెట్టుది ఏమీ లేదు. చెట్టే మునిగిపోతే ఈ లెక్కలో పోయిందేమీ ఉండదు.

అది పెట్టుబడి లెక్కే గానీ మార్క్స్ లెక్క కాదంటారు మార్క్సిస్టు మిత్రులు. అందులో నిజముంది. సంపదకు శ్రమ ఒక్కటే కాదు, ప్రకృతి కూడా మూలమేనని 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ ఆయనే రాశాడు. 1842లో రైన్ ప్రాంతపు అడవుల్లో పుల్లలేరుకునే పేదల పక్షాన నిలబడిందీ ఆయనే. కానీ కూలివాడి నష్టానికి 'అదనపు విలువ' అని కొలత ఇచ్చిన సిద్ధాంతం, అడవి పోయినవాళ్ల నష్టానికి 'ఆదిమ సంచయం' అని పేరు మాత్రమే ఇచ్చింది. ఇంగ్లండు రైతుల భూములు లాక్కోవడాన్ని పెట్టుబడి పుట్టకముందు కథగా చెప్పింది.

మాకది ముందు కథ కాదు. పోలవరం ముంపు ఊళ్లలో ఇప్పుడు నడుస్తున్న కథ. పెట్టుబడి తన బయటి సమాజాలను మింగుతూనే పెరుగుతుందని రోజా లక్సెంబర్గ్ 1913లో మార్క్స్‌ను సరిదిద్దింది. మా అనుభవం ఆమె వైపే ఉంది.

ఇంకో చిక్కు మెట్ల లెక్క. తెగ, భూస్వామ్యం, పెట్టుబడి అని మెట్లు పేర్చి, మమ్మల్ని అట్టడుగు మెట్టు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పినవాళ్లు చాలామంది. తాను చెప్పిన పరిణామం పశ్చిమ యూరపుకే పరిమితమని 1881లో వేరా జసూలిచ్‌కు మార్క్స్ రాసిన ఉత్తరం ఆ పాఠాల్లో కనబడదు.

మమ్మల్ని ఇంతకాలం కొండ మీద నిలబెట్టింది కూలిరేటు కాదు, భూమి. 1970 నాటి 1/70 చట్టం, 1997 సమతా తీర్పు, 2006 అటవీ హక్కుల చట్టం కాపాడేదీ దాన్నే. కూలి పెంచమని అడగడానికి మార్క్స్ మాకు చాలు. కొండ ఇవ్వం అని చెప్పడానికి చాలడు. ఆ అధ్యాయం అడవిని ఎరిగినవాళ్లే రాయాలి, మా భాషల్లో కూడా రాయాలి.