పైపు వెనక దారి

భూగర్భంలో దాచిన కార్బన్ డయాక్సైడ్ పైకి తప్పించుకోవాలంటే దానికి రాతిపొరల కన్నా, ఆ పొరల్ని తొలిచిన బావులే దగ్గరి దారి. 800 మీటర్ల లోతు దాటాక ఒత్తిడికి వాయువు బాగా చిక్కబడి ఇసుకరాయి రంధ్రాల్లో ఇముడుతుంది. అక్కడి ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పైకి ఎక్కజూస్తుంది. పైనున్న షేల్ పొర దాన్ని ఆపుతుంది. ఆ షేల్‌కు చిల్లు పెట్టేది బావే.

పాలమూరు ప్రాంతంలోని బిజినేపల్లి వైపు బోరు వేయించిన రైతుకు ఈ చిక్కు కొత్తది కాదు. మన్నూ మొరమూ దాటి గట్టిరాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించుతారు. పైపు రాయిలో సరిగ్గా కూర్చోకపోతే దాని వెనక నుంచి మట్టినీళ్లు బోరులోకి దిగుతాయి. వాయువు బావిలోనూ భయమంతా పైపు వెనక సందు గురించే, కాకపోతే అక్కడ దారి కింది నుంచి పైకి. పాలమూరు గ్రానైట్‌లో వాయువు నిల్వకు చోటు లేదు. ఆ రాయిలో రంధ్రాలుండవు, పగుళ్లే ఉంటాయి. తెలుగునేలపై ఇలాంటి నిల్వకు ముందుగా తట్టేది అవక్షేప శిలలున్న కృష్ణా–గోదావరి బేసిన్. అక్కడ ఓఎన్‌జీసీ దశాబ్దాలుగా చమురు, గ్యాస్ బావులు తవ్వుతోంది.

సందును మూసేది సిమెంటు. పలచని సిమెంటు ముద్దను కేసింగ్ లోపలి నుంచి పంపు చేస్తే అడుగున బయటపడి, పైపుకూ రాతిగోడకూ మధ్య పైకి ఎక్కుతుంది. అంతకుముందు ఆ సందు నిండా తవ్వకపు బురద ఉంటుంది, గోడకు దాని పొర అంటుకుని ఉంటుంది. ముందు శుభ్రపరిచే ద్రవాన్ని పంపి ఆ పొరను కడిగేయాలి. పైపు ఓ పక్కకు ఒరిగితే ఇరుకువైపు బురద కదలదు, సిమెంటు వెడల్పువైపు నుంచే పోతుంది. అందుకే పైపుకు నడుమ నడుమ సెంట్రలైజర్లు తొడుగుతారు. గట్టిపడేదాకా బావిని కదపకూడదు. తర్వాత శబ్ద తరంగాలు పంపి, సిమెంటు పైపును పట్టుకుందో లేదో చూస్తారు. ఒత్తిడి పెట్టి పరీక్షిస్తారు. ఖరీదైన సిమెంట్ల గురించి జరిగే చర్చలో సగమైనా ఈ బురద కడగడం మీద జరిగితే మేలు.

వాయువు నీటిలో కరిగితే ఆమ్లమవుతుంది. అది సిమెంటులోని సున్నాన్ని తాకి కాల్షియం కార్బొనేట్‌గా మారుస్తుంది. మొదట్లో ఇది రంధ్రాలను పూడ్చి మేలే చేస్తుంది. సందులోంచి కొత్త ఆమ్లనీరు పారుతూనే ఉంటే మాత్రం ఆ కార్బొనేటూ కరిగిపోతుంది. టెక్సస్‌లోని సాక్రాక్ చమురు క్షేత్రంలో 30 ఏళ్లు ఈ వాయువు మధ్య ఉన్న మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటును తీసి చూశారు. రసాయనికంగా కొంత మారినా పట్టు వదల్లేదు. మార్పు కనిపించింది ఎక్కువగా అంచుల్లోనే. చల్లని వాయువును నింపినప్పుడు పైపు కుంచించుకుని సిమెంటు నుంచి వెంట్రుకవాసి విడిపోవడమూ ఆ అంచుల్లోనే జరుగుతుంది.

ఉక్కు సంగతి వేరు. పొడి వాయువు దాన్ని ఏమీ చేయదు, తడి వాయువు తినేస్తుంది. అందుకే తేమ తీసి పంపుతారు, కింది భాగాల్లో క్రోమియం కలిసిన ఉక్కు వాడతారు. అదీ అన్నిచోట్లా ఆగదు. అమెరికాలోని డెకేటర్ నిల్వ కేంద్రంలో 2024లో లీకు బయటపడింది. లీకైంది నిల్వను కనిపెట్టడానికి వేసిన పరిశీలన బావే.

పాత బావులదే అసలు బెడద. కోనసీమలో పాశర్లపూడి బావి 1995 జనవరి 8న ఎగదన్ని 65 రోజులు మండింది. అది తవ్వుతున్నప్పటి ప్రమాదం, అందరి కళ్లముందూ జరిగింది. వదిలేసిన బావిలో సన్నని లీకు ఏళ్ల తరబడి ఎవరికీ కనిపించకపోవచ్చు. కాబట్టి ఏ బేసిన్‌లోనైనా నిల్వకు ముందు అక్కడి ప్రతి పాత బావి రికార్డునూ తిరగేయాలి. వెనక సిమెంటు నమ్మకంగా లేని చోట షేల్ ఎదురుగా ఉన్న కేసింగ్‌ను చెక్కి తీసేసి, రాతిగోడ నుంచి రాతిగోడదాకా కొత్త సిమెంటు నింపుతారు. అది గట్టిపడ్డాక పైన బరువు మోపి, ఒత్తిడి పెట్టి చూసి గానీ బావి మూసినట్టు లెక్కలో రాయరు.