డవ్‌టెయిల్ జోడు

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ కుర్రాడి చేతి పనితనం తెలియాలంటే అతను చేసిన డవ్‌టెయిల్ జోడు అడిగి చూడాలి. అరచేతిలో ఇమిడే రెండు ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) ముక్కలు. ఒకదానికి మొదట్లో సన్నగా, చివర వెడల్పుగా ఉండే నాలుక. రెండోదానికి సరిగ్గా అదే ఆకారంలో గాడి. పక్క నుంచి తోస్తే జారుతుంది, ఎదురుగా లాగితే ఊడదు. లేత్ మీద క్రాస్ స్లైడ్ కదిలేదీ ఈ పద్ధతిలోనే.

హ్యాక్సా, డ్రిల్లు తీసేసేది అదనపు లోహాన్నే. అసలు పని ఫైలుది. ఇలాంటి జోళ్లకు సాధారణంగా ఇచ్చే వెసులుబాటు ±0.04 మి.మీ. పైగా 60 డిగ్రీల లోపలి మూలలోకి బల్లపరుపు ఫైలు దూరదు. మూడు పలకల ఫైలు తీసుకుని, ఒక పలక పళ్లు అరగదీసి వాడాలి. లేదంటే ఏటవాలు గోడ సరిచేస్తుండగానే పక్కనున్న అడుగు తెగిపోతుంది.

కొలవడం ఇంకా ముచ్చటైన పని. నాలుక మొదలు దగ్గర వెడల్పు ఎంతో తేల్చాలంటే, ఆ ఇరుకు మూలల్లోకి మైక్రోమీటర్ వెళ్లదు. అందుకని 10 మి.మీ. రోలర్లు రెండు చెరో మూలలో ఆనించి, వాటి బయటి అంచుల మీద కొలుస్తారు. వచ్చిన అంకెలోంచి 27.32 తీసేస్తే అసలు వెడల్పు. పదో తరగతి త్రికోణమితి ఇక్కడ చేతికి పనికొస్తుంది.

ముందు నాలుక ముక్కను కొలతకు తెచ్చేస్తారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోకూడదు. దానికి ప్రష్యన్ బ్లూ పల్చగా రాసి గాడిలోకి తోస్తే, ఎక్కడ ఒత్తుకుంటే అక్కడ నీలం అంటుతుంది. అక్కడ మాత్రమే ఫైలు ఆడాలి. ఓపిక చాలక రెండు ముక్కలూ రాకితే దేన్ని బట్టి దేన్ని సరిచేయాలో తెలియదు. చివరికి వెలుతురుకు ఎదురుగా పట్టి సందు చూస్తారు. నాలుకను తిప్పి దూర్చినా అంతే బిగువు ఉండాలి.

ఈ పనితనం కుర్రాడి ఒక్కడిదే కాదు. 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ దీనికి పునాది. అభ్యాసాల డ్రాయింగులు అచ్చువేసే చెన్నైలోని నిమి (నేషనల్ ఇన్‌స్ట్రక్షనల్ మీడియా ఇన్‌స్టిట్యూట్) 1986లో జర్మనీ సాయంతో ఏర్పడింది. ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరే దారిని 1961 నాటి చట్టం వేసింది. బెంచి దగ్గర ఒక్క జోడుకు రోజులు పట్టినా ఫరవాలేదు. షిఫ్టు వేగం, బరువు మోసిన స్లైడ్ ఎలా అరుగుతుందో మాత్రం ఫ్యాక్టరీలోనే తెలుస్తాయి. అందుకే రెండూ కావాలి.

2024లో తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. సీఎన్‌సీలు, రోబోలు రావలసినవే. అయితే యంత్రాలు దించి వెళ్లిపోతే భాగస్వామ్యం అనిపించుకోదు. ఫ్యాక్టరీలో తనిఖీ చేసే మనిషి ఏడాదికి కొన్నిసార్లయినా వచ్చి ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని ఈ జోళ్లు చూడాలి, ఏది పాస్, ఏది రిజెక్ట్, ఎందుకో పిల్లల ముందే చెప్పాలి. ఇన్‌స్ట్రక్టర్ కూడా అప్పుడప్పుడు షాప్ ఫ్లోర్‌లో పనిచేసి రావాలి. స్టోర్‌లో ఫైళ్లు, బ్లూ నిండుకోకూడదు. వీటికయ్యే ఖర్చు ఒక్క రోబో ధర ముందు ఏపాటి? 0.04 అంటే ఎంతో చేత్తో తెలుసుకున్నవాడే సీఎన్‌సీ స్క్రీన్ మీద ఆ అంకె మారితే ఉలిక్కిపడతాడు.