థియేటర్ - ఒక పదము, పెక్కు అర్థములు

ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరుగు గదిని ‘ఆపరేషన్ థియేటర్’ అందురు. సినిమా చూపు భవనమును కూడ ‘థియేటర్’ అనియే పిలుతురు. ఒకచోట వినోదము, మరియొకచోట ప్రాణరక్షణ. రెండింటికి ఒకే పేరెట్లు వచ్చినదని విద్యార్థి అడిగినచో, ‘నాటకశాల’ అను నిఘంటువు అర్థము చెప్పినంత మాత్రమున వాని సందేహము తీరదు.

ఈ పదమునకు మూలము గ్రీకు భాషలోని ‘థియాట్రాన్’. చూచుటకైన చోటు అని దాని అర్థము. ప్రాచీన గ్రీసులో కొండవాలుపై మెట్లు మెట్లుగా అమర్చిన ఆసనముల వరుసలకు ఈ పేరుండెను. అనగా మొదట అది ప్రేక్షకుల స్థానమే గాని నటుల స్థానము కాదు. భరతుని నాట్యశాస్త్రములోని ‘ప్రేక్షాగృహము’ ఈ భావమునకు మిక్కిలి దగ్గరగా నున్నది.

వైద్యమునకు ఈ పదము చూచుట అను అర్థముతోనే వచ్చినది. ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయమున ఫాబ్రీషియస్ కాలములో, 1594-95లో, శరీరనిర్మాణ శాస్త్రమునకై ఒక థియేటర్ కట్టిరి. నడుమ శవచ్ఛేదము చేయు బల్ల, చుట్టును అండాకారముగా ఆరు వరుసలు. విద్యార్థులు అందు నిలుచుండి చూచెడివారు. రక్తప్రసరణమును నిరూపించిన విలియం హార్వే 1602లో పట్టము పొందినది ఈ విశ్వవిద్యాలయముననే. లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో 1822లో ఏర్పడిన శస్త్రచికిత్సా థియేటరును ఇట్టిదే. 1867లో లిస్టర్ క్రిమినాశక పద్ధతిని ప్రకటించిన పిమ్మట సూక్ష్మజీవుల భయము వైద్యులకు తెలిసివచ్చినది. క్రమముగా ప్రేక్షకుల వరుసలు తొలగినవి. పేరు మాత్రము నిలిచినది.

ఈ చరిత్ర తెలియక మాటకు మాట పెట్టినచో ‘శస్త్రచికిత్సా రంగస్థలము’ అను వింత పదము పుట్టును. అది విన్న బాలునకు రోగి కనబడడు, వేషధారి కనబడును. ‘శస్త్రచికిత్సాగారము’ అన్నచో భావము స్పష్టము. యుద్ధము జరుగు ప్రాంతమును కూడ ఇంగ్లీషువారు థియేటర్ అందురు. అచట మనకు ‘యుద్ధరంగము’ సహజముగనే ఉన్నది. నాటకమునకు, పోరాటమునకు ‘రంగము’ను వాడుట మన భాషకు కొత్త కాదు.

ఒక ఇంగ్లీషు పదమునకు ఒకే తెలుగు పదముండవలెనను నియమము ‘త్వరణము’, ‘పరమాణువు’ వంటి పరిభాషకు తప్పనిసరి. అచట అర్థము మారినచో లెక్కయే తప్పును. కాని లోకవ్యవహారమునుండి శాస్త్రములోనికి వచ్చిన పదములకు ఆ నియమము పనికిరాదు. వాడుకలో స్థిరపడిన ‘ఆపరేషన్ థియేటర్’ను తొలగింపబూనుటయు అనవసరము, రోగి బంధువులకు ఆ మాటయే సులభముగా తెలియును. పాఠము చెప్పునపుడు మాత్రము ఆ గదిలో జరుగు పనిని ముందు వివరించి, పిదప పేరు చెప్పుట మేలు.

‘సిద్ధాంతము’ అని మనమనువదించు ‘థియరీ’ కూడ చూచుట అను ఈ గ్రీకు పదకుటుంబమునకే చెందినది. పదమును గూర్చి వ్రాయువాడు సైతము మొదట వస్తువును చూడవలెను.