త్యాగయ్యగారి తప్పుల పట్టిక : ‘దుడుకు గల’ కీర్తనమును గూర్చి

పుష్యబహుళ పంచమినాడు తిరువయ్యారులో కావేరి యొడ్డున గాయకులందరు కలిసి పాడెడి ఘనరాగ పంచరత్నములలో రెండవది గౌళరాగ కీర్తనము. కోయంబత్తూరులోను మదురైలోను సంగీతము నేర్చిన మన పిల్లలకు ‘దుడుకు గల’ నోటికి రానిది కాదు. అయినను అందులో త్యాగయ్యగారు ఏమని మొరపెట్టుకొనుచున్నారో తెలిసి పాడువారు ఎందరు? మన పిల్లలలో పెక్కురు తెలుగు మాటలను తమిళలిపిలో వ్రాసికొని నేర్చుకొందురు. ఆ లిపిలో ‘పాద’మునకును ‘బాధ’కును భేదము కనబడదు. అక్షరముల పైన చిన్న అంకెలు వేసి భేదము చూపు పద్ధతి యొకటి యున్నది గాని అందరును దానిని పాటింపరు. రాముని పాదమును పాడుచున్నామో బాధను పాడుచున్నామో పుస్తకము చెప్పదు. గురువుగారు చెప్పవలెను, వారికి తెలిసినచో.

ఈ కీర్తనము ఒక తప్పుల పట్టిక. పాడువాడు తన అపరాధములను ఒక్కొక్కటిగా చదివి, ఇట్టివానిని ఏ ప్రభువు కాపాడునని అడుగును. జీవితమంతయు ఆఫీసులో పద్దులు వ్రాసి విరమించినవాడను గనుక, పట్టిక కనబడినచో అందులో ఏమి చేర్చిరి, ఏమి వదలిరి అని చూచుట నాకు అలవాటు. సంగీతశాస్త్రము నాకు రాదు. సాహిత్యమును మాత్రము చూచి తోచినది మనవి చేయుచున్నాను.

ముందుగా మన ఇండ్లలోని తప్పుల పట్టికను చూతము. మనకు దైవభక్తి తక్కువ కాదు. పెరటాసి శనివారములు, తిరుపతి ముడుపులు, కులదేవతకు పొంగళ్ళు, అన్నియు తరతరములుగా జరుగుచున్నవి. వానితోబాటు ఒక భయము కూడ వచ్చుచున్నది. ‘దెయ్వకుత్తము’ అను తమిళపు మాట మన ఇంటి తెలుగులో కలిసిపోయినది. పెండ్లి కుదరకున్నను, వ్యాపారము దెబ్బతినినను, బిడ్డకు జబ్బు చేసినను, ఏ మ్రొక్కు తీరలేదో, ఏ శనివారము ఉపవాసము తప్పినదో, మడి ఎక్కడ చెడినదో అని వెదకుదురు. దోషము దొరకినచో పరిహారము, పరిహారమునకు ఖర్చు. ఆ దోషము తరచుగా ఇంటి కోడలి మీదనే పడుట కూడ మనకు తెలియనిది కాదు. ఈ విధముగా మనము దేవుని పద్దుపుస్తకము పట్టుకొని కూర్చున్న పై అధికారిగా చేసికొన్నాము. అట్టి అధికారి క్రింద చాలకాలము పనిచేసినవానిగా చెప్పుచున్నాను, అది భక్తికి తగిన స్థలము కాదు.

ఇప్పుడు త్యాగయ్యగారి పట్టిక. ఆయన 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో నివసించి, 1847 జనవరి 6వ తేదీన సిద్ధిపొందిరి. ఆచారము తప్పని కుటుంబము. నిత్యము రామపూజ చేసిన ఇల్లు. అట్టివారి పట్టికలో మడి చెడినదన్న మాట ఉండవలెను; ఏకాదశి తప్పినదనియు, మ్రొక్కు తీరలేదనియు ఉండవలెను. ఒక్కటియు లేదు. చరణములలో మొట్టమొదట చెప్పిన తప్పు ఏమనగా, సకల ప్రాణులయందును భగవంతుడే యుండగా ఆ సంగతి తన మనసునకు పట్టకపోవుట. తరువాతివి: చిన్ననాడే భజనరసము వదలి కుతర్కములలో పడుట, పరుల ధనము కొరకు వారి మనసు కరగునట్లు మాటలాడి పొట్ట నింపుకొనుట, సుఖముగా బ్రదుకుటయే జీవితమని దినములు గడుపుట, స్వరలయములు తెలియకయే తాను ఉత్తమభక్తులకు సాటియని చెప్పుకొనుట, ఆలుబిడ్డల కొరకును డబ్బు కొరకును తిరుగుట. ఇందులో కొన్ని మనమందరము ప్రతిదినము చేయునవే. పరిహారము చేయించుకొనుటకు మాత్రము ఏ గుడిలోను టిక్కెట్టు లేనివి.

ఇంకొక విశేషము. కీర్తనమంతయు వెదకినను ప్రాయశ్చిత్తము కనబడదు. ఇన్ని కొబ్బరికాయలు కొట్టుదును, ఇన్ని ప్రదక్షిణములు చేయుదును అన్న మాట లేదు. తప్పు చెప్పుట, దిక్కెవరని అడుగుట, అంతే. ఆ తప్పులకు ఆయన పెట్టిన పేరు కూడ గమనింపదగినది. ఒకచోట తన్ను అపరాధి యని చెప్పుకొన్న మాట నిజమే గాని, పల్లవిలో నిలిపి ప్రతి చరణము తరువాతను తిరిగి వచ్చునట్లు చేసిన మాట ‘దుడుకు’. ఇది పాపమునకు శాస్త్రములు వాడు మాట కాదు. దుడుకు పిల్లవాడని తల్లులు విసుగుకొనుచు అను మాట. తమిళములో ‘తుడుక్కు’ అన్నను ఇంచుమించు ఇదే భావము గనుక మన ప్రాంతమువారికి వేరుగా అర్థము చెప్పనక్కరలేదు. తప్పును తప్పే యని ఒప్పుకొనుచు, తాను దండనార్హుడైన నేరగాడను గాక అల్లరి చేసిన ఇంటిబిడ్డననెడి చనువును ఆ ఒక్క మాటలో నిలుపుకొనిరి.

దీనికి పెద్దలు చెప్పు వ్యాఖ్యానమొకటి కలదు. స్వామివారు నిష్కళంకులు, ఈ తప్పులేవియు వారివి కావు, లోకుల దోషములను తమమీద వేసికొని మన కొరకై మొరపెట్టిరి అందురు. గౌరవముతోనే చెప్పుచున్నాను, ఈ వ్యాఖ్యానము నాకు సమ్మతము కాదు. అట్లయినచో కీర్తనము ఒక నటన యగును. మనము చేతులు జోడించి విని, ఆ తప్పులు ఎవరివో అనుకొని ఇంటికి పోవుదుము. పొట్టకొరకు ఒకరి మనసును కరగించిన జ్ఞాపకము ఏ మనుష్యునికి ఉండదు? ఆ జ్ఞాపకమును దాచుకొనని ఒక పెద్దమనిషి పాట యని వినినప్పుడే అది నా చెవికి నా పాటగా వినబడినది.

అయితే ఈ పట్టికలో మ్రింగుడుపడనివి రెండు కలవు. వానిని దాటవేయుట విమర్శ కాదు. ఒక చరణములో, తెలియని నటులు, విటులు మొదలగువారితో స్త్రీలను జేర్చి, వారు తనకు వశమగుటకై ఉపదేశించి సంతోషించుట ఒక తప్పుగా చెప్పబడినది. ఇచ్చట తప్పు నేర్చుకొన్నవారిది కాదు, వశపరచుకొనగోరిన గురువు గర్వమునది అని సమన్వయింపవచ్చును; నాకు అదియే సరియని తోచుచున్నది. అయినను స్త్రీలను ఆ వరుసలో నిలిపిన కాలపు దృష్టి అందులో లేదని చెప్పజాలను. రెండవది, మొదటి కులమున బుట్టియు శూద్రుల పనులు చేయుచుంటినని చింతించుట. దీనికి సమన్వయము లేదు. ఇది హృదయదోషము కాదు, కులాచార దోషము. ఈ సంచికను చదువువారిలో అధికులు నాయుళ్ళు, దేవాంగులు మొదలగు కుటుంబములవారు. దుక్కి దున్ని, మగ్గము నేసి, మిల్లులలో పాటుపడి పిల్లలను సంగీతమునకు పంపినవారు. ఆ పిల్లలు ఆ చరణమును ఏ భావముతో పాడవలెను?

నా సమాధానము ఇది. చరణములలో చెప్పిన మొదటి తప్పే ఈ చరణమునకు తీర్పు. అన్ని ప్రాణులయందును భగవంతుని చూడకపోవుట అపరాధమని ఆరంభించినవారికి, ఒకరి పని హీనమనుట కూడ ఆ అపరాధములోనిదే కావలెను. ఆ తీర్పును త్యాగయ్యగారు తామే చివరివరకు నడిపింపలేదు. వారు సంఘసంస్కర్తలు కారు; మనము వారిని ఆ విధముగా చిత్రింపనక్కరలేదు. నడిపించుటకు కావలసిన కొలబద్దను మాత్రము మన చేతికిచ్చిరి.

ఆ కొలబద్దను ఇతర కీర్తనములలో ఎంత నిర్భయముగా వాడిరో చూడవచ్చును. ఆభోగి రాగములో ‘మనసు నిల్ప’ అను కీర్తనమున, మనసు నిలువనప్పుడు గంటలును పూలపూజయును ఏమి చేయగలవని అడిగిరి. మదముతో మునిగినవానిని కావేరి గాని గంగ గాని ఎట్లు కాచునని అడిగిరి. ఈ మాట కావేరి యొడ్డున కాపురమున్నవారిది! జయమనోహరి రాగమున ‘యజ్ఞాదులు’ అను కీర్తనములో జీవహింసతో కూడిన యజ్ఞములు సుఖమనువారిని అజ్ఞానులనిరి. రీతిగౌళ కీర్తనములో ద్వైతమా, అద్వైతమా ఏది సుఖమని తేల్చక భగవంతునే అడిగి వదలిరి. ఆ ప్రశ్నతో శతాబ్దములుగా మతాచార్యులు పోరాడినది తెలిసినవారికి ఆ అడుగుటలోని ధైర్యము తెలియును.

తోడిలోని ‘కోటినదులు’ మదురైవారికి మిక్కిలి దగ్గరిది. రాముని వింటికొనయందే కోటి నదులుండగా ఊరూర తిరుగుట ఎందుకని మనసును అడుగు పాట. ధనుష్కోటి యనగా వింటికొన, రామేశ్వరము దాపునున్న తీర్థము పేరును అదే. కాశీయాత్ర ఆ సముద్రస్నానముతోగాని పూర్తికాదని నమ్మిన కుటుంబములు మనలో కలవు. 1964 డిసెంబరు తుపానులో ఆ పట్టణమును రైలుమార్గమును నాశమైనవి. స్నానము బాకీ పడినదని దిగులుపడువారికి ఈ కీర్తనము అర్థము తెలిసి వినిపింపవలసినది.

ఈ పాటలు నిలుచుటలో మన ప్రాంతమునకు కొంత పాలు కలదు. త్యాగయ్యగారి శిష్యులలో ముఖ్యులైన వాలాజాపేట వేంకటరమణ భాగవతారు సౌరాష్ట్రులు. వాలాజాపేట వ్రాతప్రతులు మదురై సౌరాష్ట్ర సభకు చేరి భద్రపరచబడినవి. తెలుగు పాటను తెలుగువారు కానివారు కాపాడిరి. మనము తెలుగువారమై యుండి అర్థమును పోగొట్టుకొనుచున్నాము.

చివరగా ఆ స్త్రీలను గూర్చిన చరణమును మరల తలచుకొందును. తిరువయ్యారులో శిథిలమైపోవుచున్న త్యాగయ్యగారి సమాధికి సొంత సొమ్ముతో గుడి కట్టించి 1925లో ప్రతిష్ఠ జరిపించినవారు బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1878లో దేవదాసీ కుటుంబమున జన్మించిరి. ముద్దుపళని కావ్యమును 1910లో అచ్చువేయించి నిందలు పడిన విదుషి. లోకము పాపియని వ్రేలు చూపుటకు వెనుదీయని పుట్టుక ఆమెది. ఆమె ఏ పరిహారమును చేయించుకొనలేదు. తనకు ఇష్టమైన గురువునకు ఇల్లు కట్టినది. ఆ దినములలో ఆరాధనలో స్త్రీలు పాడుటకు సమ్మతింపకపోగా కొన్ని సంవత్సరములు స్త్రీలచే వేరుగా ఆరాధన చేయించినది. 1940ల ఆరంభమున కక్షలు కలిసిన పిదప స్త్రీలకు కూడ ఆ పందిరిలో చోటు దొరకినది. ఆమె 1952లో తిరువయ్యారులోనే కాలధర్మము నొందిరి. ఆమె సమాధి స్వామివారి సమాధికి దగ్గరలోనే యున్నది. ఇప్పుడు ప్రతి పంచమినాడు స్త్రీలు ఒక వరుసలో, పురుషులు ఒక వరుసలో కూర్చుండి, ‘దుడుకు గల’ను ఆ చరణముతో సహా కలిసి పాడుచున్నారు.