ఉప్పుగాలిలో పాట

పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఆంప్లిఫయర్లు బాగుచేసే మేస్త్రిగారు ముందు వింటారు, ఆ తర్వాతే స్క్రూడ్రైవరు పడతారు. ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మారినా ఉప్పుగాలి అదే. రాగితీగకు పచ్చటి చిలుము పడుతుంది, స్పీకరు కాగితం చెమ్మకు మెత్తబడుతుంది, వాల్యూమ్ తిప్పితే గరగర.

నాన్నగారి వాల్వు సెట్టునీ నా కొత్త సెట్టునీ పక్కపక్కన పెట్టి ఒకే ఘంటసాల పాట వినిపించారాయన. కొత్తదాంట్లో రికార్డు చిటపటలతో సహా అన్నీ తేటగా వినిపించాయి. పాతదాంట్లో గొంతు నిండుగా ఉంది. వాల్వు ప్రతి స్వరానికీ దాని పై స్థాయి స్వరాన్ని పిసరంత కలుపుతుంది; ఆ నిండుదనం అక్కడిదే. నాకు అదే ఇష్టం.

"సగం వెచ్చదనం వాల్వుది బాబూ, మిగతా సగం చెమ్మ పట్టిన కెపాసిటర్లది. అది మసక" అన్నారు.

ఆ తేడా చెవితో పట్టడమే ఆయన విద్య. మీటరు పెట్టింది తర్వాత, రూఢి చేసుకోవడానికి. రెండు కెపాసిటర్లు విప్పి, కాళ్ల చిలుము గీకి, కొత్తవి టంకం పెట్టారు. నిండుదనం చెక్కుచెదరలేదు. వయొలిన్లు మాత్రం, ఇన్నేళ్లుగా నేను విననివి, వెనకనుంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి.